సినిమాకెళ్ళొచ్చినా మాటల్లేవా? ఆలుమగలకు లక్షణం చూసి మందు

ఇద్దరి మధ్య సందడి తగ్గిందనగానే చాలామంది ముందు ఊటీ టికెట్లు చూస్తారు. డబ్బు ఖర్చవుతుంది, ఫొటోలు బాగా వస్తాయి, సోమవారం నుంచి మళ్ళీ పాత వరసే. లోపం ఎక్కడుందో చూడకుండా మందు వేస్తే అంతే మరి.

ముందుగా ఒక్క మాట. చెయ్యి చేసుకోవడం, బెదిరించడం, జీతం లాక్కోవడం, పుట్టింటికి ఫోన్ చేయనివ్వకపోవడం ఉన్నచోట ఈ సరదాలేవీ పనికిరావు. అది 2005 నాటి గృహహింస చట్టం కిందికొచ్చే వ్యవహారం. మహిళలు 181కి ఫోన్ చేసి సాయం అడగొచ్చు.

లక్షణం: మాట్లాడుకుంటాం, కానీ అన్నీ పాలు, స్కూలు ఫీజు, గ్యాస్ బండ కబుర్లే

కారణం: ఇంటి పనులు మాట్లాడుకోవడానికంటూ ఒక వేళ లేదు. అందుకే అవి రోజంతా పాకేస్తాయి.

పరిష్కారం: ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అతికించి పెన్ను వేలాడదీయండి. గుర్తొచ్చిన పని నోటితో చెప్పకుండా అక్కడ రాయండి. ఆదివారం టిఫిన్ అయ్యాక 20 నిమిషాలు కూర్చుని తేల్చేయండి. రోజూ రాత్రి భోజనం తర్వాత మాత్రం 15 నిమిషాలు, కాగితం మీదున్నదేదీ ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళు మర్నాడు గిన్నెలు తోమాలి. ఈ పందెం లేకపోతే నియమం మూడో రోజుకే చల్లబడుతుంది.

ఏం మాట్లాడాలో తోచకపోతే ప్రశ్నలు వేసుకోండి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రచురించిన 36 ప్రశ్నల పద్ధతిలో తేలికైనవి ముందు, లోతైనవి తర్వాత వస్తాయి. ప్రతిదానికీ ఇద్దరూ జవాబు చెప్పాలి. వాళ్ళు పరీక్షించింది ముక్కూమొహం తెలియనివాళ్ళ మీద, అయినా ఆ వరస మనకీ పనికొస్తుంది. ‘చిన్నప్పుడు ఇంట్లో నిన్ను ఏమని పిలిచేవారు?’ అని మొదలుపెట్టండి. ‘నేను పక్కన ఉండాల్సింది, లేకపోయిన రోజేది?’ అన్నది రెండో వారానికి దాచుకోండి. మొదటి రాత్రే అడిగితే అది కబుర్లు కాదు, పంచాయితీ.

లక్షణం: ఒకే సోఫా, రెండు ఫోన్లు

కారణం: ‘వాన చూడు ఎలా కురుస్తోందో’ అంటే ‘ఊఁ’ అని తల కూడా ఎత్తకపోవడం. అలాంటి చిన్న పిలుపులే అసలు సంగతి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ కొత్తగా పెళ్ళయినవాళ్ళను గమనించి ఆరేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే, కలిసున్న జంటలు ఈ పిలుపుల్లో 86 శాతానికి బదులు పలికినవాళ్ళు. విడిపోయినవాళ్ళు పలికింది 33 శాతానికే.

పరిష్కారం: ఫోన్లు పక్క గదిలో ఛార్జింగ్‌కి పెట్టి అష్టాచెమ్మా వేయండి. సుద్దతో ఐదు వరసలు, వరసకు ఐదు గళ్ళు, నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. గవ్వలన్నీ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఎదుటివాళ్ళ కాయను ఒక్కటైనా చంపందే లోపలి గళ్ళలోకి పోనివ్వరు కాబట్టి, ఎదుటి మనిషిని పట్టించుకోకుండా ఈ ఆట నడవదు. ఓడితే ముఖం ముడుచుకునే రకమైతే ఇద్దరూ ఒకే జట్టుగా పిల్లల మీద అంత్యాక్షరి పెట్టుకోండి.

లక్షణం: ఎక్కడికెళ్ళినా కొత్తగా ఉండదు

కారణం: అదే హోటలు, అదే బిర్యానీ. 2000లో ఆరన్ బృందమే ఇంకో చిత్రమైన ప్రయోగాన్ని ప్రచురించింది. భార్యాభర్తల చేతులు, కాళ్ళు వెల్క్రో పట్టీలతో కలిపి కట్టి, దిండులాంటిదాన్ని చేత్తో పట్టుకోకుండా మోస్తూ పరుపుల మీద పాకమన్నారు. ఏడు నిమిషాల పని. సాదా పని చేసినవాళ్ళకంటే ఈ జంటల్లోనే తమ బంధం పట్ల తృప్తి ఎక్కువ కనిపించింది.

పరిష్కారం: పాకనక్కర్లేదు, బొబ్బట్లు చేయండి. షరతేమిటంటే, వంట రానివాళ్ళు చేయాలి, వచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని నోటితో మాత్రమే చెప్పాలి. కప్పు శనగపప్పు గంట నానబెట్టి, వేళ్ళతో నొక్కితే మెదిగేదాకా ఉడికించి, నీళ్ళన్నీ వంచేయాలి. మెత్తగా రుబ్బి, కప్పు బెల్లం తురుము, యాలకుల పొడి వేసి గట్టిపడేదాకా తిప్పాలి. మైదా మెత్తగా కలిపి నూనె పోసి రెండు గంటలు నాననివ్వాలి. పూర్ణం జారుతోందంటే పప్పులో నీళ్ళు మిగిలాయి, మళ్ళీ పొయ్యెక్కించండి. బొబ్బట్టు చిరుగుతోందంటే పిండి నానలేదు, లేదా పూర్ణంలో పలుకులున్నాయి. ఇక పెద్ద ప్రమాదం: తెలిసినవాళ్ళు ఆగలేక గరిటె లాక్కోవడం. అక్కడితో ఆట పోయింది. ఒక బొబ్బట్టు మాడినా పర్వాలేదు, గరిటె ముట్టుకోవద్దు.

లక్షణం: తువ్వాలు దగ్గర మొదలై పెళ్ళినాటి సంగతులదాకా పోయే గొడవ

కారణం: ‘నువ్వెప్పుడూ ఇంతే’ అన్న మొదటి మాట. గుండె నిమిషానికి వంద దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివాళ్ళ మాట బుర్రకెక్కదని గాట్‌మన్ అంటాడు.

పరిష్కారం: ఇద్దరికీ నవ్వొచ్చే ఒక సంకేతం ముందే అనుకోండి, ‘ఇంటర్వెల్’ లాంటిది. ఆ మాట ఎవరు అన్నా గొడవ అక్కడే ఆపాల్సిందే. కనీసం 20 నిమిషాలు మొక్కలకు నీళ్ళు పోయండి, బట్టలు మడవండి. లోపల జవాబులు తయారుచేసుకుంటే ఆ విరామం దండగ. ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి లేవండి. చెప్పకుండా లేచిపోతే అది ఇంటర్వెల్ కాదు, అలక.

లక్షణం: ఇంటి నిండా మనుషులు, ఇద్దరికీ ఏకాంతం లేదు

రైతుబజారుకి ఇద్దరూ వెళ్ళండి. చెరో వంద రూపాయలు, పది నిమిషాలు. ఎదుటివాళ్ళకి ఇష్టమైనవే కొనాలి. సంచులు విప్పాక తెలుస్తుంది ఎవరికెంత గుర్తుందో. ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, కూరలెలాగూ కావాలి.

లక్షణం: ఒకరు హైదరాబాదులో, ఒకరు డాలస్‌లో, ఫోన్లో ‘తిన్నావా’ తర్వాత మౌనం

కారణం: ఒకరికి రోజు మొదలవుతుంటే ఒకరికి ముగుస్తుంది. చెప్పుకునేవన్నీ జరిగిపోయినవే, కలిసి చేసేదేం లేదు.

పరిష్కారం: వారానికి రెండుసార్లు వీడియో పెట్టుకుని ఒకే పని చేయండి. ఒకే పచ్చడి నూరండి, ఒకే గళ్ళనుడికట్టు నింపండి. వేసవిలో ఇక్కడ ఉదయం ఏడున్నరంటే అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది. నవంబరు మొదటి ఆదివారం అక్కడి గడియారాలు గంట వెనక్కి పోతాయి, తేడా పదకొండున్నర గంటలవుతుంది. ఆ వారమే ఒకరు గంటసేపు ఎదురుచూసి అలుగుతుంటారు. కొత్త వేళ శనివారమే ఇద్దరి ఫోన్లలో పెట్టేసుకోండి.