ప్రతి పాదం చివరా ఒక ‘వచ్చు’

ఆశ మీద కవిత రాయాలనుకుంటే ముందు ఆశ అనే మాటను పక్కన పెట్టండి. ఆ మాటతో మొదలుపెట్టిన నా కవితలన్నీ చింపేశాను. ఏదైనా జరుగుతుందేమో అని మీరు నిజంగా ఎదురుచూసిన ఒక రాత్రిని తలచుకోండి. నాకది అనంతపురం జిల్లాలో మా శెనక్కాయ చేలో బోరు వేయించిన రాత్రి. 300 అడుగులు దాటినా దుమ్మే వస్తోంది. నాయన మాత్రం “ఇంకో రాడ్డు దించండి” అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ రాత్రికి సరిపోయే క్రియను వెతకండి. తెలుగులో జరగబోయేదంతా క్రియ చివరే దాక్కుని ఉంటుంది. ‘నీళ్లు పడొచ్చు’ అంటే తలుపు తెరిచే ఉంది. ‘పడతాయేమో’ అంటే గొంతులో బెదురుంది. ‘పడితే’ అంటే ఇంకో మాట బాకీ ఉంది. మూడూ కలిపేయకండి. ఒక్కటే పట్టుకుని ప్రతి పాదం చివరా పలికించండి. గొబ్బిపాటల్లో ‘గొబ్బియళ్లో’ తిరిగి తిరిగి వచ్చినట్టు అదే లయ కడుతుంది.

అయితే చివరి మాట మారకపోయినా పాదం మాత్రం ముందుకు నడవాలి. నాది బోరు దగ్గర మొదలై ఇంట్లోకి వెళ్లింది:

ఈ రాడ్డుకు తడి తగలొచ్చు
ఈ దుమ్ము బురదై మా మీద చిందొచ్చు
ఎండిన కాలువ తన దారి గుర్తుపట్టొచ్చు
కుదువ పెట్టిన గొలుసు అమ్మ మెడకు రావొచ్చు
నాయనా, చలిగా ఉంది, తువ్వాలు కప్పుకో

చివరి పాదంలో ‘వచ్చు’ లేదు. నాలుగుసార్లు విన్న చెవికి అది లేకపోవడమే గట్టిగా తగులుతుంది. నీళ్లు పడ్డాయో లేదో కూడా చెప్పలేదు. చెబితే అది కబురవుతుంది.

పోలికలు అక్కడున్న వస్తువుల నుంచే తీసుకోండి. ఆశాదీపాలు, ఊహల రెక్కలు వద్దు. బడిలో నేర్చుకున్న ఉత్ప్రేక్ష ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒకదాన్ని చూసి ఇంకొకటేమో అని ఊహించడమే కదా అది! ‘భూమి గొంతెండి దగ్గుతోందా అన్నట్టు దుమ్ము లేచింది’ అని మొదట రాసుకున్నాను. నాకు చాలా ఇష్టమైన వాక్యం. కానీ నాలుగు ‘వచ్చు’ల మధ్య ఇమడలేదు, తీసేశాను. కాలువ దారి గుర్తుపట్టడం ఒక్కటే ఉంచాను.

రాశాక ఆ రాత్రి మీతో ఉన్నవాళ్లకు పైకి చదివి వినిపించండి. నేను మొదట ‘గాజులు అమ్మ చేతికి రావొచ్చు’ అని రాశాను. నాయన విని, కాసేపు ఆగి, “గాజులు కాదు నాయనా, గొలుసు” అన్నాడు. ఆ పాదం మార్చాను.