ఫుడ్ సేఫ్టీ తనిఖీకి హోటల్ వంటగదిని ఎలా సిద్ధంగా ఉంచాలి?

2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్లను వరసగా తనిఖీ చేసింది. మళ్లీ మళ్లీ బయటపడినవి ఒకే తరహా లోపాలు: లేబుల్ లేని గ్రేవీలు, పచ్చిమాంసంతో కలిపి పెట్టిన కూరగాయలు, గడువు తీరిన సరుకు, బొద్దింకలు, సిబ్బందికి మెడికల్ సర్టిఫికెట్లు లేకపోవడం. అధికారులు ముందు చెప్పి రారు. వచ్చాక సర్దుదామంటే వీటిలో ఒక్కటీ కుదరదు. అసలు కస్టమర్ ఆరోగ్యం ప్రతి పూటా మన చేతుల్లోనే ఉంటుంది, తనిఖీ ఉన్నా లేకపోయినా.

మొదట ఫ్రిజ్ సంగతి చూడండి

వెజ్, నాన్‌వెజ్‌కు వేర్వేరు ఫ్రిజ్‌లు ఉంటే మంచిది. ఒకటే ఉంటే వండినవి పై అరలో, కడిగిన కూరగాయలు మధ్యలో, పచ్చి చికెన్, మటన్, చేపలు అన్నిటికంటే కింద మూత ఉన్న డబ్బాల్లో పెట్టాలి. ఈ వరస తప్పితే పచ్చిమాంసం నీరు కారి, మళ్లీ పొయ్యి ఎక్కని చట్నీలోనో సలాడ్‌లోనో పడుతుంది. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు, డీప్ ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి. తలుపు మీద కనిపించే అంకెను నమ్మకండి. లోపల ఒక థర్మామీటర్ పెట్టి పొద్దున, సాయంత్రం చూసి రిజిస్టర్‌లో రాయండి.

గడ్డకట్టిన చికెన్‌ను సింకులో నిలవ నీళ్లలో పడేసి మధ్యాహ్నం దాకా వదిలేయడం చాలా వంటగదుల్లో అలవాటు. ముందు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

మిగిలిన అన్నం, గ్రేవీ చల్లార్చడం

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 60 డిగ్రీలకూ 5 డిగ్రీలకూ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (విత్తనాల్లాంటివి) ఉడికినా చావవు. గిన్నెడు అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే అవి మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. ‘బాగా మరిగించాంగా, ఏం కాదు’ అనే మాట అన్నం విషయంలో అస్సలు పనికిరాదు.

కాబట్టి పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లోకి తోయకండి. పైన చల్లబడినట్టే ఉంటుంది కానీ నడిమధ్య గంటల తరబడి వేడిగానే ఉంటుంది. పైగా ఆ వేడికి పక్కనున్న సరుకు కూడా పాడవుతుంది. వెడల్పాటి స్టీల్ ట్రేలలో రెండంగుళాల మందం మించకుండా పరచండి. గ్రేవీ అయితే గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి కలుపుతూ ఉండండి. రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆపై నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. ప్రోబ్ థర్మామీటర్‌ను మధ్యలో గుచ్చి చూస్తేనే ఇది తెలుస్తుంది. ఆ థర్మామీటర్ సరిగా ఉందో లేదో చూడాలంటే ఐసు ముక్కలు నింపిన నీళ్లలో ముంచండి, సున్నా చూపాలి.

సర్వింగ్ కౌంటర్‌లో బిర్యానీ, కూరలు 60 డిగ్రీల పైనే ఉండాలి.

ఫ్రిజ్‌లోకి వెళ్లే ప్రతి డబ్బా మీద టేపు అంటించి మార్కర్‌తో నాలుగు సంగతులు రాయండి: పదార్థం పేరు, చేసిన తేదీ, సమయం, ఎప్పటికి పారేయాలి. అల్లంవెల్లుల్లి పేస్టుకూ, వేయించిన ఉల్లిపాయకూ ఇదే నియమం. మాస్టర్‌కు గుర్తుంటుందిలే అనుకోవద్దు, ఆయన సెలవు పెట్టిన రోజున ఎవరికీ తెలియదు.

నూనె, రంగు, మయోనైజ్

వేయించిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీ మళ్లీ కాగితే పేరుకునే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదు. 2018 జూలై నుంచి ఇదే నియమం. కొలిచే మీటర్ లేకపోయినా నూనె నల్లబడి, నురగ కట్టి, తక్కువ మంటకే పొగ వస్తుంటే పారేయాల్సిందే. పాత నూనెలో కొత్తది కలిపితే కొత్తదీ త్వరగా చెడుతుంది. బిర్యానీ, కబాబుల్లో కృత్రిమ రంగులకు అనుమతి లేదు. ఎరుపు కావాలంటే కశ్మీరీ మిరప, పసుపు కావాలంటే కుంకుమపువ్వు వాడండి. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. కారణం పచ్చిగుడ్డులో ఉండగల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా. గుడ్డు లేనిదో, పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేసినదో వాడండి.

బొద్దింకలు

రాత్రి లైట్లు ఆర్పిన అరగంటకు టార్చి వేసి మోరీ జాలీ, ఫ్రిజ్ రబ్బరు మడతలు, స్విచ్‌బోర్డు వెనక చూడండి. సరుకుతో వచ్చే అట్టపెట్టెల్లోనే వాటి గుడ్లు వస్తాయి. అందుకే పెట్టెలు బయటే విప్పి, సరుకు మాత్రమే లోపలికి తేవాలి. స్ప్రే కొడితే కనిపించినవే చస్తాయి. బొద్దింకలు తిని చచ్చే మందు జెల్ పెట్టించండి, జెల్ పెట్టినచోట స్ప్రే కొట్టకండి, కొడితే అవి దాని దగ్గరికే రావు.

ఒకే ఫైల్

ఫుడ్ లైసెన్సు (14 అంకెల నంబరు బిల్లు మీద కూడా ఉండాలి), సిబ్బంది వార్షిక మెడికల్ సర్టిఫికెట్లు, ఆరు నెలలకోసారి నీటి పరీక్ష రిపోర్టు, పెస్ట్ కంట్రోల్ రికార్డు, ప్రతి 25 మంది సిబ్బందికి ఒకరి చొప్పున ఫోస్టాక్ (ఆహార భద్రత నేర్పే ప్రభుత్వ కార్యక్రమం) శిక్షణ సర్టిఫికెట్. అన్నీ క్యాష్ కౌంటర్‌లోనే ఉంచండి.

అధికారి వచ్చినప్పుడు

గుర్తింపు కార్డు అడిగి చూడండి, లోపలికి రానివ్వండి, వెంటే ఉండండి. కంగారుపడి డబ్బాలు వెనక దారిన తీసేయించకండి, అది ఇంకా పెద్ద తప్పు. శాంపిల్ తీసుకుంటే అధికారి మీకు దాని ధర చెల్లించాలి, రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు. మీరు కోరితే ఒక భాగం గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపుతారు, అక్కడికక్కడే అడగండి. లోపాలు దిద్దుకోమని ఇంప్రూవ్‌మెంట్ నోటీసు వస్తే గడువు కనీసం 14 రోజులు. దిద్దిన ప్రతిదానికీ ఫొటో, బిల్లు జతచేసి జవాబివ్వండి. జవాబివ్వకపోతే లైసెన్సు సస్పెండ్ కావచ్చు. శాంపిల్ రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే, అది అందిన 30 రోజుల్లోగా డిజిగ్నేటెడ్ ఆఫీసర్ (జిల్లా స్థాయి ఫుడ్ సేఫ్టీ అధికారి) దగ్గర అప్పీలు వేసుకోవచ్చు.