అల్ట్రాసౌండ్‌తో కొలత – ఐదో పాఠం: మడమ కింద నాలుగు మిల్లీమీటర్లు

ముందు పోయిన పాఠం బాకీ తీర్చేద్దాం. ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి, రెండు నైలాన్ గాలపు తీగలను ఒకదాని కింద ఒకటి సరిగ్గా 20 మిల్లీమీటర్ల దూరంలో బిగించి, ఆ దూరాన్ని మెషిన్‌తో కొలవమన్నాను. స్క్రీన్ మీద 20.4 కనిపించి ఉంటే కంగారు పడకండి. మెషిన్ చెడిపోలేదు, మీ చేయీ తప్పలేదు.

మెషిన్ నిజానికి దూరాన్ని కొలవదు. శబ్దం వెళ్లి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. ఆ సమయాన్ని దూరంగా మార్చడానికి, లోపల ఏమున్నా సరే, శబ్దం సెకనుకు 1540 మీటర్ల వేగంతో వెళ్తుందని అనుకుంటుంది. మన ఒంట్లోని మెత్తని కణజాలానికి అది సగటు వేగం. కానీ మన విశాఖలో మామూలు గది నీళ్లు ఇంచుమించు 30 డిగ్రీలుంటాయి. ఆ వేడి దగ్గర నీళ్లలో శబ్దం వేగం సుమారు 1509 మీటర్లే. నెమ్మదిగా వెళ్లింది కాబట్టి ఎక్కువ సమయం పట్టింది, దాన్ని మెషిన్ ఎక్కువ దూరం అనుకుంది. ఇరవైని 1540తో గుణించి 1509తో భాగించండి, 20.4 వస్తుంది. ఏసీ గదిలో నీళ్లు 20 డిగ్రీలకు చల్లబడి ఉంటే 20.8 దాకా రావచ్చు. మీకు 20.4 వచ్చిందంటే మెషిన్ తన లెక్క తాను సరిగ్గా వేస్తున్నట్టే. 21 దాటి వస్తే మాత్రం ముందు తీగలు జారాయేమో చూడండి, తర్వాత మెషిన్‌ని అనుమానించండి.

ఈ ప్రయోగం ఎందుకు చేయించానంటే, కొవ్వులో శబ్దం 1540 కన్నా నెమ్మదిగా, కండరాన్ని ఎముకకు కట్టే టెండన్‌లో కాస్త వేగంగా పోతుంది. అంటే మనం చదివే ప్రతి అంకెలో ఒక చిన్న మొగ్గు ఎప్పుడూ ఉంటుంది. అదే మనిషిని అదే మెషిన్‌తో రెండుసార్లు కొలిస్తే ఆ మొగ్గు రెండుసార్లూ ఒకేలా ఉంటుంది కాబట్టి, మార్పును నమ్మవచ్చు. రెండు వేర్వేరు మెషిన్ల అంకెల్ని ఒకే పట్టికలో కలిపేసేవాళ్లని చూస్తే నాకు బాధ వేసేది అందుకే.

ఇక ఈ పాఠం. ప్లాంటార్ ఫేషియా మందం కొలవడం నేర్చుకుందాం.

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్టు నొప్పి అని చెప్పే పేషెంట్లు మనందరికీ తెలుసు. మడమ ఎముక అడుగున మొదలై కాలివేళ్ల వైపు సాగే గట్టి పట్టీ ప్లాంటార్ ఫేషియా. ఎముకను అంటుకున్న చోట ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మామూలుగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. 4 దాటితే మందమైందని అనుమానిస్తాం. అంటే ఆరోగ్యానికీ జబ్బుకీ మధ్య గీత కొలతలో చిన్న పొరపాటుకే అటో ఇటో జరిగిపోయేంత సన్నది. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం.

దీన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం మన ఊరే. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ మొదలవుతుంది. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార మీదుగా కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. ఆ తర్వాతి వారం మా ఫిజియోథెరపీ గదికి మడమలు పట్టుకుని వచ్చేవాళ్లు పెరుగుతారు. "సార్, నడకకు ముందూ తర్వాతా ఫేషియా మందం కొలిస్తే తేడా కనిపిస్తుందా?" అని ఒక విద్యార్థిని అడిగింది. చాలా మంచి ప్రశ్న. జవాబు మాత్రం ఫేషియా ఒక్కదాని మీదే ఆధారపడి లేదు. ఆ అమ్మాయి చేతి తప్పు, వచ్చే మార్పు కన్నా చిన్నదా పెద్దదా అన్నదాని మీద కూడా ఉంది. ఈ పాఠమంతా ఆ తప్పు ఎంతో కనుక్కోవడానికే.

ఒక మాట ముందే చెప్పాలి. పోర్టబుల్ మెషిన్ పట్టుకెళ్లి తొలి పావంచా దగ్గర టెంట్ వేసుకుందాం అనుకోకండి. లింగ నిర్ధారణను ఆపడానికి తెచ్చిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద అల్ట్రాసౌండ్ మెషిన్ ఉన్న చోటు రిజిస్టర్ అయి ఉండాలి. మీరు చూసేది మడమే అయినా సరే, మెషిన్‌ని ఇష్టం వచ్చిన చోటికి తిప్పడానికి వీల్లేదు. ఒంటికి ఆనించి శబ్దం పంపే ప్రోబ్ ఎవరు పట్టుకోవచ్చన్నదానికీ నియమాలున్నాయి. కాబట్టి రేడియాలజీ విభాగాధిపతితో మాట్లాడటం, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవడం ముందు జరగాలి. నడిచేవాళ్లే మీ గదికి రావాలి. మీ ప్రణాళిక అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఇప్పుడు గదిలోకి వద్దాం. మనిషిని బోర్లా పడుకోబెట్టండి, పాదాలు బల్ల అంచు దాటి వేలాడాలి. చీలమండ 90 డిగ్రీల దగ్గర ఉండాలి, వేళ్లు సహజంగా వదిలేయాలి. వేళ్లను పైకి లాగితే ఫేషియా బిగుసుకుంటుంది. బిగుసుకున్న పట్టీనీ వదులుగా ఉన్న పట్టీనీ కొలిచి పోల్చకూడదు. "ఇంచుమించు తొంభై" అని కంటితో అంచనా వేయకండి. కోణం కొలిచే గోనియోమీటర్ పెట్టి చూసి, ఆ అంకె ఫారంలో రాయండి.

చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల మడమ చర్మం మందంగా, పగుళ్లతో ఉంటుంది. ఆ పగుళ్లలో గాలి చిక్కుకుంటే శబ్దం లోపలికి దిగదు, బొమ్మ మసకబారిపోతుంది. పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో పాదం పెట్టించి తుడిచి, జెల్ ధారాళంగా వేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ బొమ్మ సగం బాగుపడేది ఇక్కడే.

లీనియర్ ప్రోబ్ తీసుకోండి. 10, 12 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి. ఫ్రీక్వెన్సీ పెంచితే వివరం పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. ఫేషియా పైన మడమ మెత్త ఒకటిన్నర సెంటీమీటర్లకు పైగానే ఉంటుంది, దాన్ని దాటాలి కదా. డెప్త్ 3 సెంటీమీటర్లు పెట్టి, ఫోకస్‌ను ఫేషియా ఉన్న లోతుకు దించండి. ఈ సెట్టింగులన్నీ ఒక ప్రీసెట్‌గా సేవ్ చేసి, అధ్యయనం ముగిసేదాకా ముట్టుకోకండి.

ప్రోబ్‌ను అరికాలి మీద పొడవునా, మడమ మధ్యకు కాస్త లోపలి వైపుగా పెట్టండి. మొదట వెతకాల్సింది ఎముకను. తెల్లగా మెరిసే గీత, దాని వెనక నల్లని నీడ. ఆ గీత ముందు అంచు నుంచి వేళ్ల వైపు సన్నని తెల్లటి పోగులతో సాగేదే మనకు కావలసిన పట్టీ.

ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. పోగులకు శబ్దం నిటారుగా తగిలితేనే అవి తెల్లగా కనిపిస్తాయి. కొద్ది డిగ్రీలు వాలితే చాలు, ఆరోగ్యంగా ఉన్న పట్టీ కూడా నల్లబడిపోయి జబ్బు చేసినట్టు కనిపిస్తుంది. దీన్నే యానైసోట్రోపీ అంటారు. ఫేషియా ఎముకను అంటుకునే చోట వంపు తిరుగుతుంది కాబట్టి సరిగ్గా మనం కొలిచే చోటే ఈ మోసం ఎక్కువ. ప్రోబ్‌ను ఎత్తకుండా మడమ వైపు ఒకసారి, వేళ్ల వైపు ఒకసారి నొక్కుతూ మెల్లగా ఊపండి. నలుపు తెల్లబడితే అది వాలు వల్ల వచ్చినది. ఎంత ఊపినా నల్లగానే ఉంటే, దాన్ని నమ్మవచ్చు. పోగులు అత్యంత స్పష్టంగా ఉన్న క్షణంలో ఫ్రీజ్ నొక్కండి.

తర్వాత కాలిపర్, అంటే స్క్రీన్ మీద రెండు చుక్కల మధ్య దూరం చూపే కొలత గీత. మడమ ఎముక ముందు అంచు దగ్గర, పట్టీ పై అంచు నుంచి కింది అంచు దాకా. గీత పోగులకు లంబంగా ఉండాలి, స్క్రీన్‌కు కాదు. పట్టీ స్క్రీన్ మీద ఏటవాలుగా కనిపిస్తున్నప్పుడు అలవాటుగా నిలువు గీత గీసేస్తాం. ఆ వాలు 20 డిగ్రీలుంటే, నిజంగా 4.0 ఉన్న పట్టీ 4.26గా నమోదవుతుంది. ఫేషియాలో ఏ మార్పూ లేకుండానే ఒక మనిషిని జబ్బు వైపు తోసేశాం. కొందరు పరిశోధకులు ఎముక అంచు దగ్గర కాకుండా కొన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిగి కొలుస్తారు, అది తప్పు కాదు. వేళ్ల వైపు పోయేకొద్దీ పట్టీ పల్చబడుతుంది కాబట్టి, మీరు ఎంచుకున్న చోటు ఏదో రాసి పెట్టుకుని దాన్ని వదలకపోవడం ముఖ్యం.

ఇక నా సొంత అనుభవం ఒకటి. పీజీ రోజుల్లో మడమ నొప్పి మీదే పని చేశాను. ఏ పాదం నొప్పో ఫారం పైనే రాసుకుని, ఆ పాదాన్నే ముందు కొలిచేవాణ్ణి. కాలిపర్ జరుపుతుంటే మూలన అంకె మారుతూ కనిపిస్తుంది కదా, 4 దాటగానే నా వేలు ఆగిపోయేది. నేను కావాలని చేయలేదు, కానీ చేశాను. మా గైడ్ పేర్లూ పాదాల వివరాలూ కప్పేసి అవే బొమ్మల్ని తిరిగి కొలిచారు. నొప్పి ఉన్న మడమల్లో నేను రాసిన అంకెలు చాలావరకు తగ్గాయి. నెలల పని మళ్లీ చేయాల్సి వచ్చింది. ఆ రోజు పడ్డ టెన్షన్ మీకు వద్దు. స్క్రీన్ మీద అంకె కనిపించే మూలన చిన్న కాగితం టేపుతో అంటించండి. కాలిపర్ పెట్టి సేవ్ చేయండి, అంకెను మరొకరు చదివి రాయాలి. ఏ పాదం నొప్పో కొలిచేవాళ్లకు తెలియకూడదు.

ఇప్పుడు చేతి తప్పు లెక్క. ఆరుగురిని తీసుకుని ఒక్కొక్కరి మడమను రెండుసార్లు కొలిచామనుకుందాం. రెండో కొలతకు ముందు ప్రోబ్ తీసేయాలి, జెల్ తుడిచేయాలి, మనిషి లేచి నాలుగడుగులు నడిచి మళ్లీ పడుకోవాలి. ఒకే ఫ్రీజ్ బొమ్మ మీద రెండుసార్లు కాలిపర్ పెట్టడం ఇందులోకి రాదు. అది మీ మౌస్ తప్పును మాత్రమే చెప్తుంది, ప్రోబ్ పట్టుకున్న చేతి తప్పును దాచేస్తుంది.

అభ్యాసం కోసం ఈ అంకెలు తీసుకోండి, వరసగా రెండేసి ఒక్కో మనిషివి: 3.4, 3.6, 2.9, 3.0, 4.1, 3.8, 3.2, 3.2, 4.6, 4.3, 3.5, 3.6. ప్రతి జతలో తేడా తీసి వర్గం చేయండి: 0.04, 0.01, 0.09, 0, 0.09, 0.01. కూడితే 0.24. జతల సంఖ్యకు రెట్టింపుతో, అంటే 12తో భాగిస్తే 0.02. దాని వర్గమూలం 0.14. ఒక్క కొలతలో మీ చేయి మామూలుగా ఇంత తడబడుతుందన్నమాట, 0.14 మిల్లీమీటర్లు.

చిన్నదే అనిపిస్తుంది. కానీ మార్పు చూడటానికి రెండు కొలతలు కావాలి, రెండింటిలోనూ తడబాటు ఉంటుంది. అందుకే దాన్ని 2.77తో గుణించాలి. ఈ 2.77 ఎక్కడిదంటే, 95 శాతం నమ్మకానికి 1.96, రెండు కొలతలు కాబట్టి 2కి వర్గమూలం 1.414, వీటి లబ్ధం. 0.14ను 2.77తో గుణిస్తే 0.39. అంటే ఒక భక్తుడి మడమ నడకకు ముందు 3.5, తర్వాత 3.8 ఉంటే, ఆ 0.3 మార్పు నిజమని ఈ చేతితో చెప్పలేం. ఆ విద్యార్థిని ప్రశ్నకు ఇప్పుడు ఒక ఆకారం వచ్చింది.

తప్పును తగ్గించే దారి ఉంది. ప్రతిసారీ ప్రోబ్ ఎత్తి మళ్లీ పెడుతూ మూడు కొలతలు తీసి సగటు వేస్తే, తప్పు 3కి వర్గమూలం మేరకు తగ్గుతుంది. 0.39 కాస్తా 0.23 అవుతుంది. అప్పుడు 0.3 మార్పు గురించి మాట్లాడవచ్చు. ఒక్కొక్కరికి అదనంగా పట్టే సమయం ఐదారు నిమిషాలు.

కోరిలేషన్, అంటే రెండు కొలతలు కలిసి పెరిగి కలిసి తగ్గే తీరు, 0.95 వచ్చింది కాబట్టి కొలత బాగుంది అని రాసే థీసిస్‌లు ఇప్పటికీ చూస్తున్నాను. బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 1986లో లాన్సెట్ పత్రికలో ఇది సరిపోదని స్పష్టంగా చూపించారు. నేను ప్రతిసారీ మీకన్నా అర మిల్లీమీటర్ ఎక్కువ చదివినా మన ఇద్దరి కోరిలేషన్ అద్భుతంగానే వస్తుంది. కాబట్టి తేడాల సగటు కూడా చూడాలి. పైన మన ఆరు జతల్లో మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి సగటు వేయండి, 0.03 వస్తుంది. ఒక వైపు మొగ్గు లేదు, తడబాటు మాత్రమే ఉంది. మీకు ఈ సగటు 0.2 దాటి వస్తే లెక్క ఆపేసి, రెండోసారి చీలమండ కోణం మారిందా, ప్రోబ్ ఎక్కువ నొక్కారా అని వెతకండి.

ఈ వారం పని: ఇంట్లోవాళ్లు, క్లాస్‌మేట్లు ఎవరైనా సరే, మీ విభాగం అనుమతితో ఆ గదిలోనే పది మంది కుడి మడమల్ని రెండేసిసార్లు కొలవండి. కోణం, ప్రీసెట్, టైమ్ రాయండి. అంకె మూలన టేపు మర్చిపోకండి. మీ 2.77 లెక్క కాగితం మీద చేత్తో వేయండి, సాఫ్ట్‌వేర్ వద్దు. అసలు అధ్యయనానికి ముప్పై మంది దాకా కావాలి, కానీ చేయి అలవాటు పడటానికి పది చాలు.

వచ్చే పాఠంలో తొడ ముందు కండరం రెక్టస్ ఫీమోరిస్ అడ్డకోత వైశాల్యం. అక్కడ ప్రోబ్ కాస్త నొక్కినా కండరం చదునైపోతుంది, మధ్యలో జెల్ పొర మందంగా ఉండాలి కాబట్టి జెల్ సీసా నిండుగా ఉంచుకోండి.