బెర్‌ట్రామ్ 31కి ప్రొపెల్లర్ల ఎంపిక, బాధ్యతగల ప్రయాణం

1960 మయామీ–నసావు పందెంలో గెలిచిన పడవ రూపం నుంచి పుట్టిన బెర్‌ట్రామ్ 31 అనే రెండు ఇంజిన్ల మోటారు పడవకు డిజైనర్ రే హంట్ గీసిన లోతైన వి ఆకారపు అడుగుభాగం అలలను చక్కగా చీలుస్తుంది. అయితే ప్రొపెల్లర్లు సరిపోకపోతే ఆ నైపుణ్యమంతా వృథా అవుతుంది.

ముందుగా ఇంధనం, నీరు, మనుషులు మామూలుగా ఉండే బరువుతో పడవను నడిపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు ప్రతి ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అందుకుంటుందో రాసుకోండి. తయారీదారు చెప్పిన గరిష్ఠ ఆర్‌పీఎం అందకపోతే పిచ్ (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు సాగే దూరం) ఎక్కువైందని, సులభంగా దాటిపోతే తక్కువైందని సాధారణంగా అర్థం చేసుకోవాలి. ఒక అంగుళం పిచ్ మార్పుతో దాదాపు 150 నుంచి 200 ఆర్‌పీఎం తేడా వస్తుంది. అయితే కొత్తవి కొనే ముందు పడవ అడుగున పట్టిన నాచును గీకించండి, ఆర్‌పీఎం మీటరును సరిచూడండి; పాత పడవల్లో ఆ మీటర్లను నమ్మడానికి లేదు.

రెండు ప్రొపెల్లర్లూ ఒకే కొలతతో, వ్యతిరేక దిశల్లో తిరగాలి. రెక్క అంచు మీద గోరు నడిపినప్పుడు తగిలే చిన్న నొక్కు కూడా షాఫ్ట్‌ను అదిరించి, బేరింగులను అరగదీస్తుంది. ఒకటి దెబ్బతింటే రెండింటినీ కలిపే బాగుచేయించడం మంచిది.

ఇక ప్రయాణంలో, ముక్కు పైకి లేచి వెనుక భాగం కుంగే మధ్యస్థ వేగంలో ఎక్కువసేపు నడపకండి. ఇంధనం తాగేదీ, ఒడ్డును కోసే పెద్ద అలను లేపేదీ ఆ వేగమే. ఆరు నాట్ల (గంటకు దాదాపు 11 కిలోమీటర్ల) దగ్గర నెమ్మదిగానైనా వెళ్లండి, లేదా పూర్తిగా నీటిపైకి లేచి సాగండి. ఫ్లోరిడాలో మానటీలనే పెద్ద నీటి క్షీరదాల రక్షణ మండలాల్లో మాత్రం బోర్డు చెప్పిన వేగమే పాటించాలి. సముద్రపు గడ్డి పెరిగే లోతులేని చోట రెక్కలు చేసిన గాట్లు మానడానికి ఏళ్లు పడుతుంది కనుక, అక్కడ ఇంజిన్లు ఆపి పడవను గెడతో నెట్టండి.