చిగురు పసుపెక్కితే యూరియా జోలికి పోకండి

శివరాత్రి దాటిందంటే నా ఫోన్‌కు ఒకే రకం ఫొటోలు వస్తాయి. షేడ్‌నెట్ కింద వరసగా పేర్చిన కవర్లు, అందులో పసుపెక్కిన మొక్కలు, కింద ఒక ప్రశ్న: "అన్నా, ఏం మందు కొట్టాలె?" ఏ ఆకు పసుపెక్కిందో ఆ ఫొటోలో కనబడదు. కవరు ఎత్తి చూశావా అంటే "చూడలే అన్నా" అంటారు. అప్పటికే సగం మంది యూరియా వేసేసి ఉంటారు.

నల్గొండ జిల్లా దేవరకొండ రోడ్డు మీద నాదొక చిన్న నర్సరీ. బత్తాయి, నిమ్మ అంట్లు, గులాబీ, మందారం, నూరువరహాలు ఉంటాయి. ఎండకు జడవని వేప, కానుగ, గన్నేరు, కాగితంపూలు కూడా పెంచుతాను. మోదుగ పూసే రోజుల నుంచి ఉగాది దాకా మాకు ఊపిరాడదు. ఒకపక్క కొత్త కవర్లు నింపాలి, ఇంకోపక్క పాత మొక్కలు జరపాలి, మధ్యలో గిరాకీ. మొక్కలన్నీ చిగురు తొడిగేదీ అప్పుడే, జబ్బు చేసినట్టు కనబడేదీ అప్పుడే.

మందు కొనేముందు

కవరును చేత్తో ఎత్తండి. ఇంత చిన్న పని ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తేలిగ్గా ఉంటే లోపల ఎండిపోయిందని. పైన తడి కనబడినా నమ్మొద్దు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఒకసారి బాగా ఎండితే నీళ్ళు తాగదు, పోసినవన్నీ కవరు అంచు వెంట జారి కింద బొక్కల్లోంచి పోతాయి. అలాంటి కవర్లను తొట్టిలో పావుగంట ముంచి తీయండి. బరువుగా ఉండి కంపు కొడుతుంటే బొక్కలు మూసుకుపోయాయని. సువ్వతో పొడిచి, రెండు రోజులు నీళ్ళు ఆపండి.

ఎత్తబోతే కవరు నేలకు పట్టుకుని రాకపోతే వేరు కింద భూమిలోకి దిగింది. మొక్కలు జరిపిన మర్నాడే వందలకొద్దీ వాడిపోయేది ఇందుకే. నెలకోసారి కవర్లు కదిపి, బయటికొచ్చిన వేర్లు కత్తిరించి, నాలుగు రోజులు నీడన పెడితే సరిపోతుంది. ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఏ ఆకు పసుపెక్కింది?

కింది ముదురాకులు ఈనెలతో సహా పాలిపోయి, చిగురు బాగానే ఉంటే నత్రజని తక్కువైంది. బాగా మాగిన పశువుల ఎరువో, కాస్త అమ్మోనియం సల్ఫేటో వేస్తే కోలుకుంటుంది.

పాత ఆకులు పచ్చగానే ఉండి, కొత్త చిగురు మాత్రం పసుపెక్కి, దాని మీద ఈనెలు ఆకుపచ్చ దారాలతో వల అల్లినట్టు కనబడితే అది ఇనుము లోపం. ముదిరితే ఈనెలు కూడా తెల్లబారి, ఆకు కొస మాడుతుంది. నర్సరీలో ముందుగా పట్టించేది నూరువరహాల మొక్క. దాని తర్వాత నిమ్మజాతి, మందారం, గులాబీ. గన్నేరు, కాగితంపూలు ఏమీ ఎరగనట్టు పూస్తూనే ఉంటాయి. వాటిని చూసి "నీళ్ళు బాగానే ఉన్నయి కదా" అనుకుని మోసపోతాం.

నన్ను ముంచింది బోరు నీళ్ళు

నాలుగేళ్ళ కింద, ఫాల్గుణంలో, పన్నెండొందల బత్తాయి అంట్లు వారం తిరిగేలోపు నిమ్మపండు రంగుకొచ్చాయి. ముందు అందరిలాగే యూరియా వేశాను. చిగుళ్ళు ఇంకా జోరుగా వచ్చాయి, అవీ పసుపే. తర్వాత ఎవరో చెబితే మట్టిలో అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు, ఫెర్రస్ సల్ఫేట్) వేశాను. ఏ మార్పూ లేదు. పురుగుమందుల షాపులో సూక్ష్మపోషకాల ప్యాకెట్ ఇచ్చారు. కొట్టిన పది రోజులు పచ్చబడ్డాయి, ఆ తర్వాత వచ్చిన చిగురు మళ్ళీ పసుపు. మందు నకిలీదని షాపతనితో గొడవ కూడా పెట్టుకున్నాను.

అసలు సంగతి మా అమ్మ పట్టింది. అదే బ్యాచ్‌లోని ఆరు అంట్లను ఎవరో అడిగారని తెచ్చి ఇంటి దగ్గర నల్లా గద్దె పక్కన పెట్టి మరిచిపోయాను. అమ్మ బిందెలు కడిగిన నీళ్ళు వాటికి పోసేది. అవి మిషన్ భగీరథ నల్లా నీళ్ళు, బోరువి కావు. నెల తర్వాత చూస్తే ఆ ఆరూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. మట్టి అదే, ఎరువు అదే, అంటు కట్టిన చెయ్యీ నాదే. నేను అక్కడే నిలబడి ఆలోచిస్తుంటే అమ్మ అన్నది: "ఆ బోరు నీళ్ళల్ల పప్పే ఉడకదు బిడ్డా, నీ చెట్లెట్ల బతుకుతయ్?"

ఆ సాయంత్రం నర్సరీకి వెళ్ళి ఒక కవరు పైకెత్తి చూశాను. అడుగు బొక్కల చుట్టూ తెల్లగా సున్నం కట్టింది. గోటితో గీకితే గరగరలాడింది. దాని మీద నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగింది. మూడు నెలలుగా నేను మొక్కలకు పోస్తున్నది ఒకరకంగా సున్నపు తేటే.

మన దగ్గర చాలా బోర్ల నీళ్ళలో బైకార్బనేట్లు ఎక్కువ. పోసిన నీరు మొక్క తాగుతుంది, మిగిలింది ఆవిరవుతుంది, బైకార్బనేట్లు మాత్రం మట్టిలో ఉండిపోయి క్షారం పెంచుతాయి. పొలంలో అయితే వానలకు కొంత కడుక్కుపోతుంది. కవరులో ఉండేదే రెండు మూడు కిలోల మట్టి, దానికి రోజూ పోస్తున్నాం. మట్టి పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, ఏడున్నర దాటాక ఇనుము ఉన్నా వేరుకు అందదు. మన ఎర్రమట్టి ఎరుపే ఇనుము వల్ల! కంచం నిండా అన్నం ఉంది, చెయ్యి కట్టేశారు, అంతే. అందుకే మట్టిలో వేసిన అన్నభేది కూడా తుప్పుగా మారి కూర్చుంటుంది. యూరియా కరిగేటప్పుడు మొదట క్షారాన్ని ఇంకాస్త పెంచుతుంది, పైగా ఇనుము అడిగే చిగుళ్ళను ఎక్కువ పుట్టిస్తుంది. భాస్వరం ఉండే డీఏపీ ఎరువు ఎక్కువైనా ఇనుముకు అడ్డమే.

మరి చలికాలంలో ఎందుకు కనబడదంటారా? అప్పుడు మూడు రోజులకో తడి. శివరాత్రి తర్వాత రోజుకు రెండుసార్లు. బోరులో నీరు దిగేకొద్దీ లవణాలూ చిక్కబడతాయి. ఈ రెండూ కలిసొచ్చే వేళకే చిగురు తొడుగుతుంది. బత్తాయి అంటుకు వాడే రంగపూర్ నిమ్మ వేరు సున్నానికి కాస్త ఓర్చుకుంటుంది కానీ, కవరంత మట్టిలో అది మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది?

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. తెల్లపొర కట్టలేదు కాబట్టి నా నీళ్ళు మంచివే అనుకోవద్దు. సున్నం తక్కువగా, సోడియం బైకార్బనేట్ ఎక్కువగా ఉండే నీళ్ళు కూడా ఉంటాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లలో తరచుగా కనబడేది ఈ రకమే. పొర కట్టవు, సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు ఇట్టే మెత్తబడుతుంది. మొక్కకు ఇవి ఇంకా చెడ్డవి, మట్టి బిగిసిపోతుంది. టీడీఎస్ మీటర్ పెట్టి "ఆరొందలే ఉంది అన్నా" అనేవాళ్ళకు నా జవాబు: ఆ మీటర్ మొత్తం లవణాలు చెబుతుంది, ఏ లవణమో చెప్పదు.

ఖర్చు లేని పరీక్ష చెబుతాను. పసుపెక్కిన మొక్కలు ఇరవై తీసుకోండి. పదింటికి బోరు నీళ్ళే, పదింటికి వాననీళ్ళో నల్లా నీళ్ళో మూడు వారాలు పోయండి. పాత పసుపాకుల్ని చూడకండి, అవి పూర్తిగా మారవు. కొత్తగా వచ్చే చిగురు రంగు చూడండి. రెండో పది పచ్చగా చిగురిస్తే మీ దొంగ దొరికినట్టే. లెక్క కచ్చితంగా కావాలంటే పాలెం, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల్లో నీటి పరీక్ష ఎక్కడ చేస్తారో అడగండి. పీహెచ్‌తో పాటు బైకార్బనేట్లు, ఆర్‌ఎస్‌సీ (కాల్షియం, మెగ్నీషియం పోగా మిగిలే కార్బనేట్, బైకార్బనేట్ల లెక్క) చూడమని చెప్పండి. ఆర్‌ఎస్‌సీ 1.25 లోపుంటే భయం లేదు. 2.5 దాటితే ఆ నీళ్ళు అలాగే పోయొద్దు, జిప్సం వాడాల్సి వస్తుంది.

ఏం చేయాలి

ముందు మొక్కను నిలబెట్టాలి. లీటరు నీటికి ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), అది కరిగాక ఐదు గ్రాముల అన్నభేది కలిపి, సాయంత్రం ఆకుల మీద కొట్టాలి. ముందు పది మొక్కల మీద కొట్టి, మాడకపోతేనే మిగతావాటికి. పది రోజులకోసారి రెండు మూడు సార్లు చాలు. దీనికి బోరు నీళ్ళు వాడితే అంతా వృథా. ద్రావణం లేత ఆకుపచ్చగా ఉండాలి, టీ రంగుకు తిరిగితే పారబోయండి. షాపులో పొడి గోధుమ రంగుకు తిరిగిన అన్నభేది ఇస్తే కొనకండి, అది అప్పటికే తుప్పు.

మట్టిలో వేసే చీలేటెడ్ ఇనుము (తుప్పుగా మారకుండా వేరే రసాయనంతో కట్టిన ఇనుము) కొంటే ప్యాకెట్ మీద పేరు చదవండి. ఎక్కువగా అమ్మేది ఈడీటీఏ రకం, క్షారం మట్టిలో అది నిలవదు. మన మట్టికి పనిచేసేది ఈడీడీహెచ్ఏ, ముదురు ఎరుపుగా ఉంటుంది. ధర ఎక్కువ, అందుకే నేను తల్లిమొక్కలకే వాడతాను.

ఇదంతా పైపూత. అసలు పని నీళ్ళను మార్చడం. పది లీటర్ల బకెట్‌లో ఒక్కో గ్రాము నిమ్మ ఉప్పు వేసి కలపండి, పావుగంట ఆగి పీహెచ్ పేపర్ ముంచండి, ఆరున్నర దగ్గరికొచ్చేదాకా ఇలాగే. నా నీళ్ళకు మూడు గ్రాములు పట్టింది, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకుకు 300 గ్రాములు. మీ లెక్క మీ బకెట్టే చెప్పాలి, నాది కాపీ కొట్టొద్దు. కొందరు చవకని సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తారు. అలవాటు లేనివాళ్ళు దాని దగ్గరికి పోకండి. వాడేవాళ్ళు కూడా నీళ్ళలోకి యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు.

ఇప్పటికే పాడైన కవర్లకు ఈ నీళ్ళు అడుగు నుంచి బాగా కారేదాకా వారానికోసారి పోయండి. రోజుకు నాలుగుసార్లు చిలకరించే అలవాటు మానండి, దాంతో ఉప్పంతా పైనే పేరుకుంటుంది. వానాకాలంలో షెడ్డు రేకుల నీళ్ళు పట్టుకుని బోరు నీళ్ళలో సగానికి సగం కలుపుకుంటే నిమ్మ ఉప్పు ఖర్చూ తగ్గుతుంది.

మిగతావి

మధ్యాహ్నం పైపు విప్పగానే మొదట వచ్చేవి వేడినీళ్ళు. నల్ల పైపు ఎండకు కాగి ఉంటుంది. అవి పక్కకు వదిలాకే మొక్కకు పట్టండి. బత్తాయి ఆకు మీద వెండి గీతలు వంకరటింకరగా ఉంటే పొడ పురుగు, వేపనూనె చాలు. ఆకు అడుగున సన్నని బూజుగూడు, పైన దుమ్ము రంగు ఉంటే నల్లి. ఆకు అడుగు తడిసేలా నీళ్ళు గట్టిగా కొట్టండి. డ్రసీనా ఆకు కొసలు మాడితే ఫ్లోరైడ్ కావచ్చు, దానికి వాననీళ్ళే దిక్కు. నులిపురుగులు, మెగ్నీషియం, వైరస్ అంటూ వెంటనే అటు పోకండి. ఇన్నేళ్ళలో నాకవి తగిలింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంతా చూశాక కూడా అంతుపట్టకపోతే ఫొటో పంపండి. మొక్క మొత్తం వద్దు. ఒక చిగురు, ఒక ముదురాకు, కవరు అడుగు, ఈ మూడు.