బూజు ఎంజైమ్ పాఠాలు – 4: వేడికి తట్టుకుందా, చల్లారాక కోలుకుందా?

మిర్యాలగూడ మిల్లుల తవుడులో భాస్వరం దండిగానే ఉంటుంది. కానీ ఎక్కువ భాగం ఫైటేట్ అనే రసాయనంగా బిగుసుకుని ఉంటుంది, కోడికి అందదు. దాన్ని విడగొట్టే ఎంజైమ్ ఫైటేజ్. ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి తీసిన ఫైటేజ్‌ను పోయిన పాఠంలో వడగట్టి పెట్టుకున్నాం. దాణా గుళికలు కొట్టేచోట ఆవిరి వేడి 80 డిగ్రీలు దాటొచ్చు. ఆ వేడికి ఎంత మిగులుతుందో చూద్దాం.

ముందు నీళ్ల సంగతి. నల్లగొండ బోరు నీళ్లు పనికిరావు. అందులోని కాల్షియం ఫైటేట్‌ను పట్టుకుని తెల్లగా అడుగుకు దిగుతుంది; ఫ్లోరైడ్ ఆమ్ల ఫాస్ఫటేజులకు (ఆమ్లంలో పనిచేస్తూ ఫాస్ఫేట్‌ను విడగొట్టే ఎంజైములకు) అడ్డం పడుతుంది, ఫైటేజ్ ఆ కుటుంబానిదే. డిస్టిల్డ్ వాటర్‌తో పీహెచ్ 5.5 సోడియం అసిటేట్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) చేసుకోండి. ఫాస్ఫేట్ బఫర్ మాత్రం వద్దు. మనం కొలిచేదే ఫాస్ఫేట్ కదా, ఎంజైమ్ లేని పోలిక గొట్టం (బ్లాంక్) కూడా పసుపెక్కి కూర్చుంటుంది!

పలుచటి గొట్టాల్లో 100 మైక్రోలీటర్ల చొప్పున ఎంజైమ్ పోసి 50, 60, 70, 80, 90 డిగ్రీల్లో 20 నిమిషాలుంచి మంచులో దించండి. మంచులోనే ఉంచిన ఒక గొట్టం మనకు నూటికి నూరు. గొట్టం సగమే మునిగితే మూత కింద నీటి చుక్కలు పట్టి అడుగు ద్రావణం చిక్కబడుతుంది, ఎంజైమ్ లెక్క ఉత్తుత్తిగా పెరుగుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పి చుక్కలు దించి, కలిపాకే తీయండి.

కొలత 37 డిగ్రీల దగ్గర, 5.1 మిల్లీమోలార్ సోడియం ఫైటేట్‌తో. నిమిషానికి ఒక మైక్రోమోల్ ఫాస్ఫేట్ విడుదలైతే ఒక యూనిట్. ఫాస్ఫేట్‌తో వెనడేట్-మాలిబ్డేట్ ఇచ్చే పసుపు రంగును 415 నానోమీటర్ల దగ్గర చదవండి.

అసలు చిక్కు ఇక్కడుంది. నైజర్ ఫైటేజ్, ఇంకో ఆస్పర్‌జిల్లస్ బూజు ఫ్యూమిగేటస్ ఫైటేజ్ రెండూ 62–63 డిగ్రీల దగ్గరే ప్రొటీన్ మడత విప్పుకుంటాయి. అయినా 90 డిగ్రీల్లో 20 నిమిషాలుంచితే ఫ్యూమిగేటస్‌ది పోయేది పదో వంతే, నైజర్‌ది చాలా భాగం పోతుంది. ఫ్యూమిగేటస్‌ది వేడికి ఆగదు, చల్లారాక మళ్లీ మడుచుకుంటుంది. అందుకే ఒక జత గొట్టాలను చల్లార్చిన వెంటనే, ఇంకో జతను గంట తర్వాత కొలవండి. ద్రావణం తెల్లగా మసకబారితే ఎంజైమ్ ముద్దకట్టినట్టే, ఇక తిరిగి రాదు.

ఇప్పుడు ప్రొటీన్ల ఆకారాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో 1ఐహెచ్‌పీ (1IHP) తెరవండి: ఆస్పర్‌జిల్లస్ ఫైకమ్ (నైజర్‌కే మరో పేరు) ఫైటేజ్‌కు 2.5 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో తీసిన స్ఫటిక నిర్మాణం. అది మడిచి ఉన్న రూపమే, చల్లారాక ఏమవుతుందో అందులో కనిపించదు. గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు, సిస్టీన్‌లను ఎంచి గంధకం-గంధకం దూరం కొలవండి. 2 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల ఉంటే అది డైసల్ఫైడ్ బంధం, మడతను పట్టి ఉంచే కుట్టు. ఇలాంటివి ఐదు దొరకాలి. శుద్ధి బఫర్‌లో డైసల్ఫైడ్ బంధాలను తెంపే మెర్కాప్టోఇథనాల్ కలిపిన వాళ్లు ఈ ఐదు కుట్లనూ తెంపుకున్నట్టే, వాళ్లు మళ్లీ మూడో పాఠం నుంచి మొదలుపెట్టాలి.