ల్యాప్‌టాప్‌లో అక్షరాలు పెద్దవి చేసే ముందు జాగ్రత్తలు

అనంతపురంలో నెట్ సెంటర్ నడుపుతూ రోజంతా అడంగల్, 1-బి కాగితాలు చూసేవారికి సన్న అక్షరాలతోనే తంటా. ఆ ఒక్క పేజీ పెద్దగా కనిపిస్తే చాలనుకుంటే కంట్రోల్, ప్లస్ మీటలు కలిపి నొక్కండి. సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు.

మొత్తం తెర మార్చాలంటే:

• తెరిచిన ఫైళ్లు సేవ్ చేయండి.

• విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్లి, ఇప్పుడున్న స్కేల్ (తెరపై అన్నీ ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే శాతం), రిజల్యూషన్ అంకెలు రాసిపెట్టుకోండి.

• ‘రికమెండెడ్’ అని ఉన్న రిజల్యూషన్‌ను కదిలించొద్దు. అది తెరలో నిజంగా ఉన్న చుక్కల లెక్క. 1920×1080 తెరను 1366×768కి దింపితే చుక్కకు చుక్క సరిపోక అక్షరం అలుక్కుపోతుంది. ఇంగ్లీషు ఎలాగో చదవొచ్చు. తెలుగులో మాత్రం గుడికీ గుడి దీర్ఘానికీ తేడా తెలియక రైతు పేరే తప్పు పడుతుంది.

• పెంచాల్సింది స్కేల్. 125 శాతం, చాలకపోతే 150. తెరే 1366×768 అయితే స్కేల్ మరీ పెంచితే కొన్ని ఫారాల కింది బటన్లు తెర దాటిపోవచ్చు. అలాంటి తెరకు సెట్టింగ్స్‌లోనే యాక్సెసిబిలిటీలో ఉన్న టెక్స్ట్ సైజ్ మేలు.

• రిజల్యూషన్ మార్చాక తెర నల్లబడితే ఏ మీటా నొక్కకండి. దాదాపు 15 సెకన్లలో పాతది తిరిగొస్తుంది.